బెంగళూరులో నెల జీతం తిండికి ఎంతవరకు సరిపోతోంది?

కదిరి వాసి, మారతహళ్లి
నేను ఒక అపార్ట్‌మెంటులో 12 గంటల షిఫ్టుతో సెక్యూరిటీ పని చేస్తున్నాను. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. పోను చేతికి 16,400 రూపాయలు వస్తుంది. గది అద్దెలో నా వాటా, ఇంటికి పంపే 8,000, ఫోను ఖర్చు తీసేస్తే తిండికి రోజుకు 130 మిగులుతుంది. దర్శిని అనే చిన్న హోటల్లో నిలబడి తినే ఇడ్లీ, వడ, కాఫీలకే అందులో సగం పోతోంది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

గార్మెంట్స్ టైలరు, బొమ్మనహళ్లి
జీతం పెరిగినప్పటికంటే, 2023 జూన్‌లో కర్ణాటక ఆడవారికి ప్రభుత్వ బస్సు ప్రయాణం ఉచితమైనప్పుడే మా వంటింట్లో తేడా కనిపించింది. పాసుకు పెట్టే డబ్బు ఇప్పుడు గుడ్లకూ ఆకుకూరలకూ వెళ్తోంది. గ్యాసు దగ్గరే చిక్కు. ఇప్పుడుంటున్న గదికి చిరునామా రుజువు చూపలేక 5 కిలోల చిన్న సిలిండరు కొంటున్నాము. దానికి సబ్సిడీ లేదు, కిలో లెక్కన చూస్తే పెద్దదానికన్నా ఎక్కువే పడుతుంది. అందుకే కందిపప్పు మాని, త్వరగా ఉడికే మసూరు పప్పుకు మారాము. రుచి సంగతి అడగకండి.

పాలమూరు మేస్త్రీ, కె.ఆర్.పురం
బియ్యం కొంటున్నవారు ముందు మీ రేషన్ కార్డు ఏ రకమో చూసుకోవాలి. 2013 ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డయితే మనిషికి నెలకు 5 కిలోల లెక్కన ఇక్కడి చౌకదుకాణంలోనే తీసుకోవచ్చు. మీ వంతు మీరు ఇక్కడ తీసుకుంటే, మిగిలినది ఇంట్లోవాళ్లు ఊళ్లో తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు ఈ వీలు లేదు. కర్ణాటక తన కార్డుదారులకు అదనంగా ఇచ్చేది కూడా ఊరి కార్డున్న మనకు వర్తించదు. నా విషయంలో కార్డు సరైనదే అయినా, సిమెంటుకు వేళ్లు అరిగిపోయి రెండు నెలలు వేలిముద్ర పడలేదు.

యూనియన్ గుమాస్తా, పీణ్య
కనీస వేతనానికి ప్రమాణం 1957లో 15వ భారతీయ కార్మిక సదస్సు పెట్టింది. సంపాదించేవారు ఒకరు, తినేవారి లెక్క మూడు యూనిట్లు (ఒక యూనిట్ అంటే ఒక పెద్ద మనిషి తిండి), ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీలు. వీటితో పాటు బట్ట, అద్దె, వంటచెరకు. చదువు, వైద్యం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ కుటుంబమంతా ఒకే పొయ్యి మీద వండుకుంటుందన్నది ఈ లెక్కలోని ఊహ. కదిరి వాసి గారి జీతం రెండు ఊళ్లలో రెండు పొయ్యిలు వెలిగించాలి, రెండు చోట్లా గ్యాసు కొనాలి. ఆయన 12 గంటల పనిలో నిర్ణీత సమయం దాటిన గంటలకు చట్టప్రకారం రెట్టింపు రావాలి. జీతం స్లిప్పులో ఆ వరుస ఉందో లేదో చూడమనండి.

కదిరి వాసి, మారతహళ్లి
స్లిప్పులో అటువంటి వరుస లేదు. 2017లో మొదలైన ఇందిరా క్యాంటీన్‌లో 5 రూపాయలకు టిఫిను, 10కి భోజనం ఉన్నాయి కదా అని చాలామంది అంటారు. నిజమే, కానీ మధ్యాహ్నం గేటు వదిలి వెళ్లి వరుసలో నిలబడితే ఆ రోజు హాజరు పోతుంది.

గార్మెంట్స్ టైలరు, బొమ్మనహళ్లి
అన్నా, మీ గదిలోవాళ్లంతా విడివిడిగా వండుకుంటున్నారా? మా వరుసలో మూడు గదులవాళ్లం కలిసి రాత్రికి ఒకే కుక్కరు పెడుతున్నాము, సిలిండరు పది రోజులు ఎక్కువ వస్తోంది. పొద్దున్నకు సంగటి ముద్ద కూడా అప్పుడే చేసిపెట్టుకుంటాము.