ఏడాదికి ఇన్ని పుస్తకాలని లెక్క పెట్టుకోవాలా, వద్దా?

కావలి రైలు — డిసెంబర్ 27, రాత్రి 9.20

ముందు నా తప్పు ఒప్పుకుని, ఆ తర్వాత ప్రశ్న అడుగుతాను.

పోయిన జనవరి ఒకటిన ఫోనులో ఒక యాప్ వేసుకుని, ఏడాదికి 52 పుస్తకాలని నమోదు చేశాను. అంటే వారానికొకటి. రోజూ కావలి నుంచి నెల్లూరుకు రైల్లో వెళ్లి వచ్చే ఉద్యోగం నాది. పోను ఓ గంట, రాను ఓ గంట. కూర్చోవడానికి చోటు దొరికితే చాలు, చదువుకోవడానికి అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. జూన్ దాకా అలాగే సాగింది. జూలైలో ఒక లావు నవల మొదలుపెట్టాను, ఎనిమిది వందల పేజీలది. ఎంత బాగుందంటే బిట్రగుంట ఎప్పుడు వచ్చిందో, తలమంచి ఎప్పుడు దాటిందో తెలిసేది కాదు. కానీ యాప్ తెరిచినప్పుడల్లా మూడు పుస్తకాలు వెనకబడ్డానని చూపించేది. తర్వాత నాలుగు. ఆ తర్వాత అయిదు. 212వ పేజీలో పాత టికెట్టు ఒకటి గుర్తుగా పెట్టి, నవలను అటక మీదికి ఎక్కించాను.

నవంబర్ ఆఖరుకు లెక్క 39. మిగిలిన పదమూడూ ఈ డిసెంబర్‌లోనే చదివాను. చదివాను అనడానికి నోరు రావడం లేదు. అన్నీ అరవై పేజీల లోపువే. వాటిలో రెండు మా అక్క కూతురి బొమ్మల పుస్తకాలు. మొన్న 52 పూర్తయిందని యాప్ తెర మీద రంగు కాగితాలు రాలాయి. ఆ పదమూడింటిలో ఒక్కదాని కథ చెప్పమన్నా ఇప్పుడు చెప్పలేను.

వచ్చే ఏడాది లక్ష్యం పెట్టుకోనా, మానేయనా? సూక్తులు వద్దు, మీకు జరిగింది చెప్పండి.


మూలాపేట మిద్దె — డిసెంబర్ 27, రాత్రి 10.05

పెట్టుకోండి. 52 కాదు, 12.

నా సంగతి చెబుతాను. డిగ్రీ చదివే రోజుల్లో వర్ధమాన సమాజం గ్రంథాలయంలో తలుపులు వేసేవరకు కూర్చునేదాన్ని. తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, వాళ్ల వెనకే ఫోను. ఆరేళ్లలో ఒక్క పుస్తకం కూడా చివరిదాకా చదవలేదు. ‘మీ అభిరుచి ఏమిటి’ అని ఎవరైనా అడిగితే మాత్రం పుస్తకాలు చదవడమనే చెప్పేదాన్ని! ఆ అబద్ధం నాకే వెగటు పుట్టి, రోజుకు పది పేజీలని నియమం పెట్టుకున్నాను. యాప్ లేదు, ఏమీ లేదు. గోడ మీది క్యాలెండర్‌లో పాల లెక్క రాసుకునే గడిలోనే పక్కన చిన్న గీత.

పదిని 365తో హెచ్చవేయండి, 3,650 పేజీలు. పుస్తకానికి 250 పేజీలు వేసుకుంటే పద్నాలుగు పైచిలుకు. పిల్లల జ్వరాలు, పరీక్షలు, పండగలకు వచ్చే చుట్టాలు పోను పన్నెండు. మూడేళ్లుగా పన్నెండుకు తగ్గలేదు. ఆ గీతలు లేకపోతే ఇప్పటికీ అభిరుచి అని చెప్పుకుంటూ ఫోను చూస్తూ ఉండేదాన్ని.


దర్గామిట్ట విశ్రాంతి — డిసెంబర్ 28, ఉదయం 6.10

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేసి వచ్చినవాణ్ని. లక్ష్యాల గురించి నాకు చెప్పకండి, నేను చెబుతాను.

మార్చి నెలాఖరుకు మా శాఖకు ఇంత డిపాజిట్లు అని పైనుంచి అంకె వచ్చేది. మార్చి 31 రాత్రికి ఆ అంకె చేరేది. ఎలా చేరేది? తెలిసిన వ్యాపారులను బతిమాలి రెండు రోజుల కోసం డబ్బు వేయించుకునేవాళ్లం. ఏప్రిల్ మొదటి వారంలో వచ్చిన దారినే పోయేది. కాగితం మీద శాఖ పెరిగింది, పెట్టెలో ఏమీ పెరగలేదు. కావలి తమ్ముడి డిసెంబర్ పదమూడూ అచ్చంగా ఆ మార్చి డిపాజిట్లే. గుడ్‌హార్ట్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త ద్రవ్య విధానం గురించి రాస్తూ 1975లోనే ఈ రోగం కనిపెట్టాడు. దేన్నయితే కొలిచి ఒత్తిడి పెడతామో, ఆ కొలత అక్కడినుంచి నిజం చెప్పడం మానేస్తుంది.

పుస్తకం డిపాజిట్టు కాదు. నచ్చితే చదవాలి, నచ్చకపోతే మూసేయాలి. లక్ష్యం ఎందుకు?


మూలాపేట మిద్దె — డిసెంబర్ 28, ఉదయం 11.30

పెద్దాయనకు నమస్కారం. నచ్చినప్పుడు చదవాలి అన్నారు. ఉదయం ఆరింటికి లేచి తీరికగా ఇక్కడ రాయగలిగినవారు ఆ మాట అనగలరు. నాకు ‘నచ్చినప్పుడు’ అనేది రోజులో రాదు. ఇడ్లీ పిండి రుబ్బడం, బడి వ్యాను, టిఫిన్ డబ్బాలు, ఆఫీసు, హోంవర్కు... వీటన్నిటికీ వేళ ఉంది. పుస్తకానికి వేళ పెట్టకపోతే అది ఎప్పటికీ రాదు. మీ బ్యాంకు అంకె పైవాళ్లు పంపింది. నా పది పేజీలు నేను పెట్టుకున్నవి. రెండూ ఒకటి కావు.


దర్గామిట్ట విశ్రాంతి — డిసెంబర్ 28, మధ్యాహ్నం 12.15

అమ్మా, తీరిక మాట గుచ్చుకుంది. నిజమే కాబట్టి గుచ్చుకుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనూ దినపత్రిక తప్ప మరోటి చదవలేదు. అయినా వాదన వదలను.


పొదిలి పంతులమ్మ — డిసెంబర్ 28, సాయంత్రం 5.40

ఇద్దరూ పెద్దవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. పిల్లల దగ్గర ఏమైందో వినండి.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక బడిలో (పేరెందుకులెండి) మూడు నెలల్లో ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతి అన్నారు. పుస్తకం ఇచ్చేటప్పుడు సంతకం, తిరిగి ఇచ్చేటప్పుడు సారాంశం అరపేజీ. మొదటి వారం గ్రంథాలయం ముందు వరస చూసి నేనూ పొంగిపోయాను. రెండో వారానికి పిల్లలు పుస్తకాన్ని పేరు చూసి కాదు, వీపు చూసి తీసుకుంటున్నారు. ఎంత సన్నగా ఉంటే అంత గిరాకీ! మూడో వారానికి సారాంశాలన్నీ వెనక అట్ట మీది మాటలే. ఒకే సారాంశం పదకొండు మంది రాశారు, అక్షరదోషంతో సహా. మొదటి బహుమతి 41 పుస్తకాల అమ్మాయికి వెళ్లింది. వాటిలో ఏది నచ్చిందని వేదిక మీద అడిగితే ఏడుపు ముఖం పెట్టింది. ఆ పిల్లను అడిగినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అదే బడిలో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు మూడు నెలలూ ఒకే పుస్తకం పట్టుకు తిరిగాడు. పక్షుల పుస్తకం. బహుమతి లేదు, జాబితాలో చివరి పేరు వాడిది. సెలవుల్లో సూళ్లూరుపేట మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు పులికాట్ దగ్గర ఫ్లెమింగోలను చూసి వచ్చి, పుస్తకంలో బొమ్మకు రంగు సరిగా పడలేదని నాకు ఫిర్యాదు చేశాడు! లెక్క ప్రకారం వాడు చదవనివాడు.

కాబట్టి అంకె చెడ్డదని అనను. అంకెను ఇంకొకరు చూసే గోడకు తగిలించినప్పుడు అది కుళ్లుతుంది. మూలాపేట అమ్మగారి క్యాలెండర్ వంటగదిలో ఉంది కాబట్టి బాగుంది. కావలి ఆయన అంకె యాప్‌లో నలుగురికీ కనబడింది. అవునా?


కావలి రైలు — డిసెంబర్ 28, రాత్రి 8.50

అవును. ఆఫీసులో ఏడుగురం ఒకరి అంకెలు ఒకరం చూసుకుంటాం. ఒకాయన 90 దాటాడు. ఎలా అని ఇప్పుడు అర్థమవుతోంది.


ఒంగోలు సంచీ — డిసెంబర్ 28, రాత్రి 9.15

నా లక్ష్యం సులువు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లకపోవడం. నిరుడు కొన్నవి అదే సంచీలో, అదే మూలన ఉన్నాయి. ఈ చర్చలో చదవడం గురించే తప్ప కొనడం గురించి ఎవరూ మాట్లాడరేమిటి?


టంగుటూరు బ్యారన్ — డిసెంబర్ 29, రాత్రి 1.35

జనవరి ఒకటి ఎవరి కొత్త సంవత్సరమండీ? మా పొగాకు రైతులకు అది ఊపిరాడని నెల. ఆకు రెలుపులు (కోతలు), కర్రలకు అల్లడం, బ్యారన్ ఎక్కించడం. బ్యారన్ అంటే పొయ్యి వేడితో ఆకు ఆరబెట్టే కొట్టం. ఒకసారి ఎక్కిస్తే అయిదారు రోజులు పొయ్యి ఆరకూడదు. రాత్రుళ్లు ఎవరో ఒకరు మేలుకుని థర్మామీటరు చూస్తూ కట్టెలు ఎగదోయాలి. ఆకు పండుబారేటప్పుడు వేడి తక్కువ ఉండాలి, చివర ఈనె ఆరేటప్పుడు డెబ్బై డిగ్రీల దాకా పోవాలి. కునుకు తీస్తే ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో ధర పోతుంది.

నేను చదివేది అక్కడే. పొయ్యి ముందు పీట, తల మీద బల్బు. అరగంట చదవడం, లేచి మీటరు చూడడం. అందుకే కథలు సరిపోతాయి, ఒక కథ అయ్యేసరికి కట్టె వేసే వేళ అవుతుంది. మా నాయన కాలంలో రేడియో, ఇప్పుడు అందరూ ఫోను. ఫోను చూస్తే నిద్ర పట్టదంటారు గానీ బ్యారన్ దగ్గర మాకు తెలిసింది వేరు: వీడియోలు చూస్తూ నిద్రపోయినవాళ్లే ఆకు మాడ్చుకున్నారు.

సీజనుకు నాకు ఏడెనిమిది బ్యారన్లు అవుతాయి. బ్యారన్‌కు ఒక పుస్తకం. వేలం మొదలయ్యాక ధర తప్ప మరో అక్షరం కంటికి ఆనదు. నేను లెక్కలు పెట్టుకునేవాణ్ని కాను.


మూలాపేట మిద్దె — డిసెంబర్ 29, ఉదయం 7.50

బ్యారన్‌కు ఒక పుస్తకం, సీజనుకు ఏడెనిమిది. ఇది లెక్క కాదా అన్నా?


టంగుటూరు బ్యారన్ — డిసెంబర్ 29, మధ్యాహ్నం 2.00

దొరికిపోయాను.


కనిగిరి వాన — డిసెంబర్ 29, సాయంత్రం 6.25

మా వైపు చదువు లెక్క ఎలా ఉండేదో చెబుతాను. వానలు మొహం చాటేస్తే విరాటపర్వం చదివించేవాళ్లు. తిక్కన భారతం మొదలుపెట్టింది ఆ పర్వంతోనే, అయిదు ఆశ్వాసాలు, అంటే అధ్యాయాల్లాంటివి. సాయంత్రం రామాలయం దగ్గర ఒకాయన పద్యం చదవడం, ఇంకొకాయన అర్థం చెప్పడం. మా అవ్వకు అక్షరం రాదు. కీచకుడి ఘట్టం, ఉత్తరుడి బడాయి ఏ వరసలో వస్తాయో ఆమెకు తెలిసినంత నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె ‘చదివిన’ పుస్తకాలు ఎన్ని అని మీ యాప్‌ను అడిగితే సున్నా అంటుంది.

అక్కడ ఎవరూ పేజీలు లెక్కపెట్టలేదు. వాన కోసం చదివారు, అంతే.


మూలాపేట మిద్దె — డిసెంబర్ 29, రాత్రి 9.30

వాన పడేదాకా చదవాలి అనుకోవడం కంటే పెద్ద లక్ష్యం ఇంకోటి ఉంటుందా! పైగా రోజూ ఒకే వేళకు, ఊరంతా చూస్తుండగా. పంతులమ్మగారు గోడకు తగిలిస్తే కుళ్లుతుందన్నారు. రామాలయం ముందు మరి కుళ్లలేదే? మా నెల్లూరి తిక్కన కూడా పదిహేను పర్వాలు పూర్తిచేయాలని పట్టు పట్టకపోతే, నచ్చిన ఘట్టం రాసుకుని పక్కన పెట్టేసి ఉంటే, మీరు చదివించడానికి ఏముండేది?


దర్గామిట్ట విశ్రాంతి — డిసెంబర్ 30, ఉదయం 6.00

కనిగిరివాళ్లు విరాటపర్వం పొడుగ్గా ఉందని చెప్పి ఒక్క ఆశ్వాసంతో అయిపోయే మౌసలపర్వంతో సరిపెట్టలేదుగా తల్లీ. తేడా అక్కడుంది. వాళ్లకు ఏది చదవాలన్నది ముందే తేలిపోయింది, ఎన్ని అన్నది ఎవరూ అడగలేదు. అంకె పెట్టుకున్నవాడు మౌసలపర్వం వైపే చూస్తాడు.

తిక్కన సంగతి ఎత్తారు కాబట్టి ఒక మాట. ఆయన ఆగకుండా చెబుతుంటే గురునాథుడు రాసేవాడని, ఒకచోట మాట తోచక ‘ఏమి చెప్పుదు గురునాథా’ అన్నాడని, సంధిలో ‘కురునాథా’ గురునాథా అవుతుంది కాబట్టి ఆ మాటే పద్యంలో ఇమిడిపోయిందని మనవాళ్లు ముచ్చటగా చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, అంతటివాడికీ నిలిచిపోయే చోటు ఒకటి ఉంటుందని ఒప్పుకున్న కథ అది. కావలి తమ్ముడి యాప్ అలా నిలబడనివ్వదు.

మీ క్యాలెండర్ గీతను మాత్రం ఇక తప్పుపట్టను. అది పుస్తకాలను లెక్కపెట్టడం లేదు, కూర్చున్న రోజులను లెక్కపెడుతోంది. లావు పుస్తకానికీ సన్న పుస్తకానికీ దాని దగ్గర ఒకే గీత. ఇది నాకు రాత్రి తోచింది. బ్యాంకులో ఎవరూ ఇలాంటి లక్ష్యం పెట్టలేదు, పెట్టి ఉంటే మేం మార్చిలో అలా తిరిగేవాళ్లం కాదేమో.

నా మట్టుకు నేను కొత్త ఏడాదిలో రెండుసార్లు వేటపాలెం వెళ్లి సారస్వత నికేతనంలో కూర్చోవాలనుకుంటున్నాను. 1918లో మొదలైన గ్రంథాలయం, 1929లో గాంధీగారు వచ్చి శంకుస్థాపన చేశారు. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల. పాత పత్రికలు ఉన్నాయి అక్కడ. మా తాత చదివిన వార్తలు ఎలా ఉండేవో చూడాలి. రెండుసార్లు అన్నాను, ఇదీ అంకే అని మూలాపేట అమ్మ ఎలాగూ పట్టుకుంటుంది.


పొదిలి పంతులమ్మ — డిసెంబర్ 30, రాత్రి 8.10

రామాలయం ప్రశ్నకు జవాబు ఆలోచిస్తున్నాను. అక్కడ బహుమతి ఒకరికి కాదు, వాన పడితే అందరి చేలోనూ పడుతుంది. ఇంతకంటే నాకు తట్టలేదు. బడి తెరిచాక ఒకటి ప్రయత్నిస్తాను. మధ్యాహ్న భోజనం తర్వాత ఇరవై నిమిషాలు, నేను చదువుతాను, తరగతి అంతా వింటుంది. ఒకే పుస్తకం, అయ్యేదాకా. ముందు ఆ పక్షుల పుస్తకమే.


ఒంగోలు సంచీ — డిసెంబర్ 31, సాయంత్రం 4.45

నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. విజయవాడకు వెళుతున్నాను.


కావలి రైలు — జనవరి 2, ఉదయం 9.35

యాప్ తీసేశాను. ఆఫీసులో ‘ఈసారి ఎన్ని’ అని అడిగితే ఒకటి అన్నాను, నవ్వారు. అటక మీదినుంచి నవల దింపి ఈ పొద్దుటి రైల్లో 212వ పేజీ తెరిచాను. ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక్కటీ గుర్తు లేదు. పాత టికెట్టు తీసి జేబులో పెట్టుకుని మళ్లీ మొదటి పేజీకి వెళ్లాను. పడుగుపాడు దాటి పెన్న వంతెన ఎక్కేసరికి 19.


టంగుటూరు బ్యారన్ — జనవరి 3, రాత్రి 2.10

మొదటి బ్యారన్ ఎక్కించాం. వేడి 38 ఉంది. మూడో కథ సగంలో ఉన్నాను, కట్టె వేసి వస్తాను.