ఆరెక్స్ 100: వేడెక్కాక ఐడ్లింగ్ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న (మల్లేశ్వరం, బెంగళూరు):
నాన్నగారి 1992 నాటి యమహా ఆరెక్స్ 100ను నాలుగేళ్ల తరువాత బయటికి తీశాను. కార్బ్యురేటర్ శుభ్రం చేయించినా, వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ వేగం తగ్గడం లేదు. బోరు (సిలిండర్ లోపలి గోడను కోయించి సరిచేయడం) చేయించాలాండీ?

జవాబు:
బోరు జోలికి ఇప్పుడే వెళ్లకండి. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి క్రాంక్ కేసు గుండానే సిలిండర్‌కు చేరతాయి కాబట్టి, చాలాకాలం కదలని బండిలో మాగ్నెటో (నిప్పురవ్వకు కరెంటు పుట్టించే భాగం) వైపు గట్టిపడిన సీల్ (క్రాంక్ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు రింగు) నుంచి బయటి గాలి చొరబడితే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, ఇంజిన్ వేగం దిగదు; చివరికి పిస్టన్ వేడికి సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. తెల్లని పొగతో పాటు గేరాయిల్ తగ్గుతుంటే క్లచ్ వైపు సీల్‌నూ అనుమానించాలి. మీ బెంగళూరులోనే, బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డులో అడిగి, రెండు సీళ్లూ మార్పించండి.

మరో జవాబు:
ముందు కార్బ్యురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు పగిలిందేమో చూడండి, అక్కడి నుంచీ గాలి చొరబడొచ్చు; అది చవక పని. ఆయిల్ పంపు సరిగ్గా ఉందని తేలేదాకా ట్యాంకులోనూ కొంచెం టూటీ (టూ-స్ట్రోక్ ఇంజిన్) ఆయిల్ కలపండి.

ప్రశ్నించినవారు:
రబ్బరు బాగుందండీ. మాగ్నెటో వెనుక నూనె తడి కనిపించింది. సీళ్లు మార్చేదాకా బండి తీయను.