1993 ఆర్‌ఎక్స్-7 కొనేముందు ఏం చూడాలి? కంప్రెషన్ టెస్ట్ గురించి సలహా కావాలి

ప్రశ్న:
అన్నలకు నమస్కారం. నేను డాలస్ దగ్గర ఉంటాను. ఇంటర్ రోజుల నుంచీ మాజ్డా ఆర్‌ఎక్స్-7 అంటే ప్రాణం. ఇక్కడ ఒకాయన 1993 మోడల్ అమ్ముతున్నారు. ఎరుపు రంగు, మాన్యువల్ గేరు, బాడీకి సొట్టల్లేవు. ఇంజిన్ ఒకసారి విప్పి కట్టించారట, బిల్లులు మాత్రం లేవు. తెలిసిన మెకానిక్ గేజి పెట్టి చూసి కంప్రెషన్ (ఇంజిన్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి) బాగుందన్నాడు. బేరం ఖాయం చేసుకోవచ్చా? లేక జపాన్ నుంచి 2000 మోడల్ తెప్పించుకోవడం మేలా? రోటరీ ఇంజిన్ అనగానే ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు 1:
తమ్ముడూ, ఆ గేజి చూసి అడ్వాన్సు ఇవ్వకు. ఈ ఇంజిన్‌లో పిస్టన్లు ఉండవు, మూడు మూలల రోటర్లు రెండుంటాయి. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు, ఒక్కో ముఖానికి ఒక్కో కంప్రెషన్ అంకె. మామూలు గేజి ఆ మూడింట్లో ఎక్కువున్న అంకెనే పట్టి చూపిస్తుంది. గాలి కారకుండా మూలనుండే అపెక్స్ సీల్ ఒకటి పోయిందనుకో, దానికి అటూ ఇటూ ఉన్న రెండు ముఖాల్లోనూ కంప్రెషన్ పడిపోతుంది, మూడోదాంట్లో మాత్రం బాగానే ఉంటుంది. మీ మెకానిక్‌కు కనిపించింది ఆ మూడోదే కావచ్చు.

రోటరీ టెస్టర్ ఉన్న షాపుకే తీసుకెళ్లు. ఇంజిన్ బాగా వేడెక్కాకే పరీక్ష చేయించు. 250 ఆర్‌పీఎంకు (నిమిషానికి 250 చుట్ల వేగానికి) సరిచేసిన ఆరు అంకెలూ కాగితం మీద రాయించుకో. కనీస హద్దు సుమారు 85 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత). అది దాటితే చాలదు, ఆరూ దగ్గరదగ్గరగా ఉండాలి.

పొద్దున తొలి స్టార్టుకు నువ్వే దగ్గరుండు. తెల్లపొగ ఆగకుండా వస్తూ తియ్యటి వాసన వేస్తే కూలెంట్ లోపలికి పోతున్నట్టే, ఆ బండి వదిలెయ్యి. తర్వాత కాసేపు నడిపి, ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చెయ్యి. వేడి మీద సెల్ఫ్ చాలాసేపు తిప్పితే గానీ అందుకోకపోతే కంప్రెషన్ తగ్గిందని అనుమానించాలి. ఆయిల్ కొంచెం తాగుతుందని మాత్రం కంగారుపడకు. సీళ్లు అరగకుండా ఆయిల్ పంపే పంపును కంపెనీయే పెట్టింది.

ఇంజిన్‌లోకి గాలిని అదనంగా తోసే టర్బోలు రెండూ వరసగా పనిచేస్తాయి. ఆ గాలి ఒత్తిడి చూపే బూస్ట్ గేజి ఉంటే, ముల్లు 10 పీఎస్‌ఐకి ఎక్కి, 4,500 ఆర్‌పీఎం దగ్గర 8కి దిగి, మళ్లీ 10కి రావాలి. అలా రాకపోతే చాలాసార్లు ఎండి పగిలిన వాక్యూమ్ గొట్టాలే కారణం. గొట్టాలు చవకే, కానీ అవి మార్చడానికి పనివాడికి రోజులు పడుతుంది. బేరంలో ఆ మాట ఎత్తు.

జవాబు 2:
దిగుమతి సంగతి నేను చెప్తాను. అమెరికాలో ఈ తరం బండి 1993 నుంచి 1995 మోడళ్ల వరకే అమ్మారు. జపాన్‌లో 2002 దాకా తయారైంది, అక్కడివి కుడివైపు స్టీరింగ్‌వి. తయారైన నెల నుంచి 25 ఏళ్లు నిండితే తెచ్చుకోవచ్చు. ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్లే ఆలోచనుంటే మాత్రం వద్దు, అక్కడి పొగ నిబంధనలతో రిజిస్ట్రేషన్ చాలా కష్టం. ఏ దేశపు బండైనా పైన చెప్పిన కంప్రెషన్ టెస్ట్ మాత్రం తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. ఇంకొక్క డౌట్. రోటరీ తీసేసి వీ8 (ఎనిమిది సిలిండర్ల మామూలు పిస్టన్ ఇంజిన్) వేయించుకోమని కొందరంటున్నారు. నిజంగా అదే సుఖమా?

జవాబు 1:
నడపడానికి సుఖమే. కానీ ఆ బండి మీద ఇన్నేళ్లుగా మనసు పడిందే ఆ ఇంజిన్ వల్ల కదా. 1,308 సీసీలోంచి 255 హార్స్‌పవర్, 8,000 ఆర్‌పీఎం దాకా వణుకు లేకుండా తిరుగుతుంది. ఇంజిన్ చిన్నది కాబట్టి ముందు చక్రాల ఇరుసుకు వెనక్కి కూర్చోబెట్టారు. మలుపులో బండి ముక్కు చటుక్కున తిరగడం అందుకే. మొత్తం బరువు 1,300 కిలోల దరిదాపుల్లోనే.

1960ల్లో సీళ్లు లోపలి గోడను గీకేస్తుంటే ఆ గీతల్ని మాజ్డా ఇంజినీర్లు దెయ్యం గోళ్ల గుర్తులనేవారు. కెనిచి యమమోతో బృందం ఆ చిక్కు విడదీసి 1967లో కాస్మో స్పోర్ట్‌ను రోడ్డెక్కించింది. 1991లో నాలుగు రోటర్ల 787బి లే మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. అంతకుముందు ఏ జపాన్ కంపెనీ గెలవలేదు. ఎఫ్‌డీ అని పిలిచే ఈ తరం ఆర్‌ఎక్స్-7 వచ్చిందీ ఆ ఏడాదే. అందుకే ఆరోగ్యంగా ఉన్న రోటరీని పీకేయడానికి నా మనసొప్పదు. ఇంజిన్ పూర్తిగా పోయిన బండయితే నీ ఇష్టం.

ముందు టెస్ట్ చేయించు. ఆ ఆరు అంకెలూ ఇక్కడ పెడితే చూసి, ఎంతకు అడగొచ్చో చెప్తాను.