ప్రకృతిలో ఆడ, మగ: ప్రాజెక్ట్‌కి ఏం గీయాలి, ఏం తీయాలి?

ప్రశ్న: ఫైన్ ఆర్ట్స్ రెండో ఏడాదండి. ప్రకృతిలో మనం ఆడ, మగ అని దేన్ని చూస్తామో పెయింటింగ్‌తో, ఫోటోలతో చూపించాలి. క్లాసులో అందరూ పువ్వు ఆడ, కొండ మగ అనే వేస్తున్నారు, నాకు అస్సలు నచ్చట్లేదు. వేరే దారి చెప్పండి.

జవాబు 1: తాటితోపుకి వెళ్లండి. పోతుతాడు (మగ తాటి), పెంటితాడు (ఆడ తాటి) వేరువేరు చెట్లు, ముంజలు కాసేది పెంటితాడే, కల్లు మాత్రం రెండిటి నుంచీ గీస్తారు. దూరం నుంచి ఫోటో తీస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. నేనైతే అక్కడే మొదలుపెడతా.

జవాబు 2: గోదావరిని అమ్మ అంటాం, బ్రహ్మపుత్ర పేరులోనే కొడుకున్నాడు, వరదొస్తే రెండూ ఊళ్లు ముంచుతాయి. ఒకే రంగులతో రెండు కాన్వాసులు వేసి పేర్లు రాయకుండా పెట్టండి.

జవాబు 3: పువ్వుని వదలకండి, ప్లీజ్. అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ వేసిన పెద్ద పూలని విమర్శకులు ఆడ శరీరంగా చూశారు, ఆవిడ ఆ మాట ఒప్పుకోలేదు. మందారాన్ని క్లోజప్ తీయండి, మధ్య కాడ మీద పుప్పొడి (మగ భాగం), దాని కొసన కీలాగ్రాలు (ఆడ భాగం), ఆడా మగా ఒకే పువ్వులో కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు: మందారం మా పెరట్లోనే ఉంది! రేపు పొద్దున్నే తీస్తాను, థాంక్సండి.