అత్యవసర వైద్యులు ఒలింపియాకు వెళ్లేది రోగి కోసమా, తమ కోసమా?

రాత్రిపాళీ:
నేను అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఈఆర్ (ఆసుపత్రి అత్యవసర విభాగం) వైద్యుణ్ణి. శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో మా అత్యవసర వైద్యుల సంఘం రాష్ట్ర శాఖ తరఫున రాష్ట్ర రాజధాని ఒలింపియాకు వెళ్లి సభ్యులను కలుస్తుంటాను. మొన్న ఒక విందులో మనవారే ఒకరు "డాక్టర్లకు రాజకీయాలెందుకండీ" అన్నారు కనుక ఇక్కడ అడుగుతున్నాను. 2011లో బడ్జెట్ లోటుతో సతమతమవుతున్న మన రాష్ట్రం, మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) రోగి "అత్యవసరం కాని" కారణంతో ఏడాదికి మూడుసార్లకు మించి ఈఆర్‌కు వస్తే ఆపైన డబ్బు చెల్లించబోమని నిర్ణయించి, ఏవి అత్యవసరం కావో చెప్పడానికి దాదాపు 700 రోగనిర్ధారణల జాబితా తయారుచేసింది. దానిలో ఛాతీనొప్పి కూడా ఉన్నదని వైద్యులు నిలదీశారు. మా శాఖ కోర్టుకు వెళ్లింది. నిబంధనను చేయవలసిన పద్ధతిలో చేయలేదని ఆ నవంబరులో న్యాయమూర్తి తీర్పు చెప్పారు. మరుసటి ఏడాది, అత్యవసరం కాని రాకలకు అసలు ఒక్కసారికి కూడా చెల్లించని మరో పథకం ఏప్రిల్ 1న అమలు కావలసి ఉండగా, గవర్నర్ క్రిస్టీన్ గ్రెగ్వార్ దానిని ఆపారు. దాని స్థానంలో వైద్యుల, ఆసుపత్రుల సంఘాలు ముందుకు తెచ్చిన ఏడు పద్ధతులు అమలులోకి వచ్చాయి. అక్కడ మేము మాట్లాడింది రోగుల కోసమే.

బోథెల్ బాబాయి:
"రోగుల కోసమే" అన్న మాటలోని ఆ చివరి "ఏ" మీదనే నా అభ్యంతరం. ప్రభుత్వం చెల్లించనన్నది ఎవరికి? మీకు. కోర్టుకు వెళ్లింది ఎవరు? మీరు. రోగిని ముందు నిలబెట్టి వెనుక నుంచి బిల్లు అందించడాన్ని వకాల్తా అనరు. 2018లో తెనాలి నుంచి వచ్చిన మా అమ్మను ఒక రాత్రి ఈఆర్‌కు తీసుకువెళితే ఆసుపత్రి బిల్లు ఒకటి, నేను పేరైనా వినని వైద్యుల బృందం బిల్లు మరొకటి వచ్చాయి. ఆ వైద్యుడు అమ్మ మంచం దగ్గర నిలబడింది ఏడు నిమిషాలు. ఆ బిల్లును పద్నాలుగు వాయిదాలలో కట్టాను.

లెక్కలమాస్టారు:
ఒక చిన్న సవరణ. 700 అన్నది మొదటి జాబితా. 2012 నాటి రెండవ జాబితాలో ఉన్నవి దాదాపు 500. రెండింటినీ కలిపి చదువుకోకూడదు.

చిన్నక్క:
ఆ ఏడు పద్ధతులేమిటో ఎవరూ చెప్పరేమండీ?

రాత్రిపాళీ:
చిన్నక్కగారూ, అన్నిటికంటే పెద్దది ఆసుపత్రుల మధ్య సమాచారం పంచుకోవడం. రోగి పేరు కౌంటరులో నమోదు కాగానే, ఆయన ఈ ఏడాది ఏయే ఆసుపత్రులకు ఎన్నిసార్లు వెళ్లారో, ఆయన కోసం ఎవరైనా చికిత్సా ప్రణాళిక రాసి ఉంచారో తెలిపే కాగితం నా చేతికి వస్తుంది. అది లేని రోజుల్లో, తెల్లవారుజామున మూడు గంటలకు నడుమునొప్పితో వచ్చిన మనిషికి అంతకు ముందు రెండు ఊళ్లలో ఓపియాయిడ్ మాత్రలు (అలవాటుపడే ప్రమాదమున్న బలమైన నొప్పి మందులు) రాసిచ్చారన్న సంగతి నాకు తెలిసే దారే ఉండేది కాదు. మొదటి ఏడాదిలో మెడికెయిడ్ రోగుల ఈఆర్ రాకలు దాదాపు పది శాతం తగ్గాయని, సుమారు 3.4 కోట్ల డాలర్లు ఆదా అయ్యాయని ప్రభుత్వమే లెక్క తేల్చింది. మా సంపాదనే మాకు ముఖ్యమైతే, మా దగ్గరకు వచ్చే రోగులనే తగ్గించే పద్ధతిని మేమెందుకు తెస్తాము?

లెక్కలమాస్టారు:
ఆ లెక్క వేసినది ఆ పథకాన్ని నడిపిన శాఖే. తగ్గుదల అంతా ఈ ఏడు పద్ధతుల వల్లనే వచ్చిందని దానిని బట్టి చెప్పలేము.

బోథెల్ బాబాయి:
చక్కగా చెప్పారు మాస్టారూ. డాక్టరుగారు ఇంకొకటి దాటవేస్తున్నారు. 2019లో ఆశ్చర్యపు బిల్లులను (రోగి బీమాతో ఒప్పందం లేని వైద్యుల నుంచి అనుకోకుండా వచ్చే బిల్లులను) అరికట్టే చట్టం అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ముందుకు వస్తే, "డాక్టర్ పేషెంట్ యూనిటీ" అనే పేరుతో 2.8 కోట్ల డాలర్లకు పైగా ప్రకటనలు కురిశాయి. ఆ డబ్బులో ప్రధాన భాగం ఈఆర్ వైద్యులను సరఫరా చేసే టీమ్‌హెల్త్, ఎన్విజన్ కంపెనీలదని తర్వాత బయటపడింది. పేరులో పేషెంటు ఉన్నాడు, డబ్బులో మాత్రం లేడు.

రాత్రిపాళీ:
అది కంపెనీల పని, అది కూడా వాషింగ్టన్ డీసీలో. ఆ పాపాన్ని మా రాష్ట్ర శాఖకు అంటగట్టడం న్యాయం కాదు. మన రాష్ట్రం అదే 2019లో సొంత చట్టం చేసి, 2020 జనవరి నుంచి బీమా కంపెనీకీ వైద్యుడికీ మధ్య తగవు వస్తే మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలని, రోగిని అందులోకి లాగకూడదని చెప్పింది. మీరు ఏడు నిమిషాలు అని ఎద్దేవా చేస్తున్నారు. ఆ ఏడు నిమిషాలకు ముందు ఆయన మీ అమ్మగారి ఈసీజీ చూసి ఉంటారు, రక్తపరీక్షలు రాసి ఉంటారు. గడియారం పట్టుకుని వైద్యుణ్ణి కొలిచేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

కృష్ణాతీరం:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

బోథెల్ బాబాయి:
నెమ్మదిగానే చెబుతాను. ఆ రాత్రి అమ్మ "గుండె పట్టేసినట్టుందిరా" అన్నది. ఆసుపత్రి ముందు కారు ఆపి, ఇంజను తీయకుండా నలభై నిమిషాలు కూర్చున్నాను. "గ్యాసేమోలేరా, ఇంటికి పోదాం" అని ఆమె, బిల్లు ఎంతవుతుందోనని నేను. చివరకు లోపలికి వెళ్లాము, అది గ్యాసే అయింది. చివరికి తేలిన జబ్బు అత్యవసరం కాదు కనుక డబ్బు ఇవ్వబోమని సందర్శకుల బీమా కంపెనీ ఉత్తరం రాసింది.

రాత్రిపాళీ:
బాబాయిగారూ, మేము పోరాడినది సరిగ్గా దీని మీదనే. ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద రాసిన జబ్బును బట్టి కాదు, గుమ్మంలోకి వచ్చినప్పుడు ఒక మామూలు మనిషికి ఎంత భయం కలిగి ఉండవచ్చో దానిని బట్టి అత్యవసరాన్ని నిర్ణయించాలి. 2011 జాబితా చేసినది, మీ బీమా కంపెనీ చేసినది ఒకే తప్పు.

బోథెల్ బాబాయి:
ఒకే తప్పు, ఒప్పుకుంటాను. ఆ తప్పు ప్రభుత్వం చేసి మీ డబ్బు ఆగినప్పుడు మీరు కోర్టుకు వెళ్లారు. అదే తప్పు బీమా కంపెనీ చేసి నా డబ్బు పోయినప్పుడు, మీ తోటి వైద్యుల బృందం నా బిల్లును వసూళ్ల ఏజెన్సీకి అప్పగించింది. నా కోపం మీ రాజకీయం మీద కాదు, అది ఎక్కడ ఆగిపోతుందో దాని మీద.

రాత్రిపాళీ:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. 1986 నాటి ఎమ్‌టాలా చట్టం ప్రకారం, ఈఆర్ గుమ్మం తొక్కిన వారిని డబ్బు ఉన్నా లేకపోయినా పరీక్షించకుండా పంపే వీలు లేదు. కనుక ప్రభుత్వం చెల్లించనంటే మేము ఊరికే పనిచేసినట్టే. అవును, 2011లో మా జీతాలు కూడా ఆ తగవులో ఉన్నాయి. మొదటి వాక్యంలోనే ఆ మాట రాయవలసింది. "రోగుల కోసం కూడా" అని సవరించుకుంటున్నాను. కానీ మా డబ్బు అందులో ఉన్నంత మాత్రాన, జాబితా మంచిదైపోదు.

బోథెల్ బాబాయి:
జాబితా మంచిదని నేనెప్పుడన్నాను?

చిన్నక్క:
"ఏ" పోయి "కూడా" వచ్చింది. రెండు రోజుల వాదనకు అది తక్కువేమీ కాదు.

రాత్రిపాళీ:
బాబాయిగారూ, జనవరిలో సమావేశాలు మొదలవుతాయి. కమిటీ ముందు సాక్ష్యం చెప్పాలంటే ఒలింపియా దాకా రానవసరం కూడా లేదు, ఇంటి నుంచి కెమెరాలో చెప్పవచ్చు. ఇచ్చేది ఒకటి రెండు నిమిషాలే. ఆ నలభై నిమిషాల సంగతి మీరు చెబితే, నేను చెప్పే పది అంకెల కంటే ఎక్కువ వింటారు. చెబుతారా?

బోథెల్ బాబాయి:
చెబుతాను. కారులో కూర్చున్న సంగతి, వసూళ్ల ఏజెన్సీ సంగతి, రెండూ చెబుతాను. రెండవది వద్దని మీ వాళ్లు అంటే మాత్రం నేను రాను.

రాత్రిపాళీ:
మా కమిటీని అడిగి చెబుతాను.