1930ల నాటి చజ్జాల పెచ్చులూడుతున్నాయి, పైన సిమెంటు పూస్తే సరిపోతుందా?

ప్రశ్న
మాది 1930లలో కట్టిన ఆర్ట్ డెకో శైలి భవనం. మూల గుండ్రంగా తిరిగి ఉంటుంది, సన్నని చజ్జాలు, ఉక్కు కిటికీలు. చజ్జాల అడుగున పెచ్చులూడి తుప్పు చువ్వలు కనిపిస్తున్నాయి. కాంట్రాక్టరేమో సిమెంటు పూసి, కిటికీలు తీసేసి అల్యూమినియంవి పెట్టి, మొత్తం ప్లాస్టిక్ పెయింటు వేద్దామంటున్నాడు. రూపం చెడకుండా ఏం చేయాలి?

జవాబు 1
చజ్జా మీద సుత్తి పడకముందే కింద ఆసరాలు నిలబెట్టించండి. గోడలోంచి బయటికి వేలాడే పలకకు బరువు మోసే చువ్వలు పైవైపున ఉండాలి. అడుగున కనిపిస్తున్నవే ఆ చువ్వలైతే, కాంక్రీటు పోసేటప్పుడు కాళ్ల కింద నలిగి దిగిపోయాయన్నమాట. అది పూతతో తీరేది కాదు, ఇంజినీరు లెక్క కట్టాలి. కాంక్రీటు లోపల చువ్వ ఎంత లోతున ఉందో చూపే కవర్ మీటరుతో చూస్తే తేలిపోతుంది.

తర్వాత కొత్తగా పగలగొట్టిన ముఖం మీద దుమ్ము ఊది, 1 శాతం ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు వస్తే కాంక్రీటులో క్షారగుణం ఇంకా ఉన్నట్టు. రంగు రాని భాగంలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ గుణాన్ని తినేసింది, అక్కడ చువ్వకు రక్షణ లేదు. రంగు రాని లోతు చువ్వ దాకా పోయిందంటే, ఇంకా ఊడని చోట్ల కూడా తుప్పు మొదలై ఉండొచ్చు.

జవాబు 2
అతుకు వేసేవాళ్లు చువ్వ ముందు భాగం మాత్రమే గీకి వదిలేస్తారు, ఊడేది అందుకే. చువ్వ వెనక కూడా 20 మి.మీ. ఖాళీ వచ్చేదాకా తొలిచి, మెరిసే లోహం కనబడేలా తుప్పు తీయాలి. అతుకు అంచులు పలచగా జారకుండా కనీసం 10 మి.మీ. లోతున నిటారుగా కోయించండి. పాత కాంక్రీటును తడిపి, పైన నీరు నిలవకుండా ఆరాక మాత్రమే మోర్టారు. ఆపైన ఏడు రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. కాంక్రీటులో ఉప్పు ఉంటే మాత్రం ఇంత చేసినా అతుకు పక్కనే కొత్త తుప్పు పుడుతుంది, కాబట్టి ఆ ఉప్పును కనిపెట్టే క్లోరైడు పరీక్ష తప్పనిసరి.

ప్లాస్టిక్ పెయింటు వద్దు. గోడలోకి దిగిన తేమ బయటికి రాలేక పొరను బుడగలుగా లేపుతుంది. గోడలకు తేమను బయటికి పోనిచ్చే సిలికేట్ పెయింటు నయం. అసలు గోడలది రంగు కలిపిన గ్రిట్ ప్లాస్టరైతే (సన్న రాతి రవ్వ కలిపిన గరుకు పూత) ఏ పెయింటూ వేయకండి, ఒకసారి వేశాక ఆ గరుకు మళ్లీ కనబడదు.

జవాబు 3
కిటికీలు పీకించకండి. ఆ సన్నని ఉక్కు చట్రాల చోట అల్యూమినియం పెడితే గీతలు లావెక్కి ముఖమే మారిపోతుంది. సాధారణంగా తుప్పు పట్టేది నీరు నిలిచే అడుగు పట్టీ ఒక్కటే. దాన్నే కోసి, అదే కొలత ముక్క వెల్డింగ్ చేయించి, జింక్ ప్రైమరు వేయించండి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పొడి సాండ్‌పేపరు వద్దు, తడిపి గీకించాలి. అద్దాలను పట్టి ఉంచే కొత్త లప్పం పైపొర గట్టిపడకుండా రంగు వేస్తే ముడతలు పడుతుంది. అన్నట్టు, పని మొదలయ్యేలోపే ప్రతి చజ్జా అంచు ఆకారాన్ని అట్ట మీద గీయించి పెట్టుకోండి. మేస్త్రీ కంటి అంచనాకు వదిలేస్తే ఆ వంపు తిరిగి రాదు.