పాత లారీకి లీకేజీ పట్టే సొంత సామాన్లు: వాడొచ్చునా, గ్యారేజీకే వదిలేయాల్నా?

ఎర్రగుంట్ల బండలబండి
మాది 2007 మోడల్ టర్బో లారీ, అంటే ఇంజనుకు గాలిని ఒత్తి పంపే టర్బో ఉండే బండి. కడప బండలు ఏసుకుని తిరుగుతాం. కొన్నాళ్లుగా లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ, పికప్ లేదు, డీజిల్ ఎక్కువ తాగుతాండె. ఒక మేస్త్రీ డీజిల్ పంపు సర్వీసు చేయాలన్నాడు. ఇంకొకాయన డీజిల్ చిమ్మే నాజిళ్లు పోయినాయన్నాడు. రెండూ చేయించినా పొగ పొగే.

ఆఖరికి నేనే ఒకటి తయారు చేసినా. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వచ్చే హోసు పీకి, టర్బో మూతికి ప్లంబింగ్ అంగట్లో దొరికే పీవీసీ ఎండ్‌క్యాప్ పెట్టినా. దానికి బొక్క కొట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి, క్లిప్పులేసి, టైర్ల పంచరు అంగడి కంప్రెషర్‌తో గాలి పట్టినా. హోసులన్నిటికీ సబ్బునీళ్లు కొట్టుకుంటా పోతే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కింద హోసు దగ్గర దొరికింది. క్లిప్పు పక్కనే, అడుగువైపు సన్నటి చీలిక. పైనుంచి చూస్తే హోసు కొత్తదాని మాదిరే ఉండాది, గాలి పడితే మాత్రం నురగ బుసబుస పొంగింది. హోసు మారిస్తే పొగ తగ్గింది.

ఈ సంగతి గ్యారేజీలో చెప్తే, 'ఇట్లాంటి పిచ్చిపనులు చేసే ఇంజన్లు చంపుకునేది' అన్నాడు. పిచ్చిపనేనా ఇది?

తాడిపత్రి రోడ్డు
పిచ్చిపని ఎట్లయితాది? పంపు ఇప్పకముందే హోసులు చూడాల్సింది వాళ్లు. ఆ రెండు బిల్లులకు నీ ఎండ్‌క్యాపులు బస్తాలకు బస్తాలు వచ్చేవి. కడుపు మంట, అంతే.

ఆటోనగర్ పాతపానా
నేను కర్నూల్లో ఈ పని చేసేవాణ్ణే. పొగ చూస్తూనే పంపు ఇప్పాలనే మేస్త్రీలను నేను సమర్థించను. టర్బో బండికి నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడంలేదని. గాలి దారి మొత్తం చూసినాకే పంపు మీద చెయ్యి పెట్టాల. నువ్వు చేసిన పరీక్ష సరైనదే. సామాను మాత్రం తప్పు.

లెక్క చెప్తా విను. నాలుగించుల మూత అంటే పన్నెండున్నర చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 15 పౌండ్ల గాలి పడితే ఆ మూత మీద దాదాపు 85 కిలోల తోపుడు. నువ్వు దాని ముందర వంగి సబ్బునీళ్లు కొడతావుంటావు. పీవీసీ నీళ్లకు చేసింది, గాలికి కాదు. నీళ్ల ఒత్తిడికి పగిలితే కారి ఆగిపోతాది, గాలికి పగిలితే పెంకులై మొహానికొస్తాది. పైగా పంచరంగడి కంప్రెషర్‌లో లారీ టైర్లకు పట్టే గాలి ఉంటాది, నూరు పౌండ్ల పైమాటే. మధ్యలో రెగ్యులేటర్ పెట్టినావా లేదా? నీ పోస్టులో ఆ ముక్కే లేదు.

ఇంకోటి. టర్బో మూతిలో కొట్టిన గాలి హోసుల్లోనే ఉండదు. తెరుచుకున్న వాల్వు గుండా సిలిండర్‌లోకి, పిస్టన్ రింగుల సందుల్లోంచి కింద ఆయిలుండే చాంబర్‌లోకి దిగుతాది. పాత బండికి ఆ చాంబర్ గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు జిడ్డుతో మూసుకుపోయి ఉంటే ఆ గాలి పోయే దారి లేక క్రాంక్ ఆయిల్ సీలును తోస్తాది. గ్యారేజీ ఆయన 'ఇంజన్ చంపుకునేది' అన్నది దీని గురించే అయ్యుంటాది, చెప్పడం రాలేదంతే. ఆయిల్ పోసే మూత తీసిపెట్టి చెయ్యాల. ఆడినుంచి బుస్సుమని వినపడితే అది హోసు లీకు కాదు, రింగుల మీదుగా వచ్చే గాలి. అది లీకనుకుని ప్యాకింగులు మార్చినోళ్లున్నారు.

తాడిపత్రి రోడ్డు
అన్నా, లెక్కలు బాగుండాయి. కానీ నీ గ్యారేజీలోనైనా కంపెనీ టెస్టర్ ఉందా? మా పక్క గ్యారేజీల్లో నేనైతే చూడలే. అందరూ చెవి పెట్టి వినేవాళ్లే. చెవి కంటే మూత మేలు గదా.

ఫిల్టరుకూ టర్బోకూ మధ్య లీకుంటే ఇంకా కష్టం. ఆడ గాలి బయటికి పోదు, లోపలికి పీల్చుకుంటాది. క్వారీ దుమ్ములో తిరిగే బండికి అది నేరుగా సిలిండర్ లైనర్లను అరగదీస్తాది. నేను బండి స్టార్ట్ చేసి జాయింట్ల దగ్గర అగరబత్తి పెడతా. పొగ లోపలికి లాగితే ఆడ లీకున్నట్టే. ఖర్చు రూపాయి.

ఆటోనగర్ పాతపానా
టెస్టర్ ఉంది, లేత్‌లో తిప్పించుకున్నదే. సొంత సామాను వద్దనలేదు నేను, పీవీసీ వద్దన్నా.

అగరబత్తి ఉత్త మాట. ఐడిల్‌లో ఆడ పీల్పు చాలా తక్కువ, ఫ్యాన్ గాలికే పొగ అటూ ఇటూ పోతాది. హోసు ఊడదీసి లోపల వేలితో తుడిచి చూడు. శుభ్రంగా ఉండాల్సిన పైపులో ఎర్రమట్టి సన్నగీత మాదిరి కనపడితే, ఆ గీత ఎక్కడ మొదలైందో ఆడే బొక్క.

గుంతకల్లు నీళ్లట్యాంకు
రేడియేటర్‌కు నేను పాత మూతనే వాడినా. నడిమధ్యన వాల్వు పెట్టి సైకిల్ పంపుతో కొట్టి గేజి చూస్తా. మనిషి కొట్టే పంపు కాబట్టి అదుపు తప్పదు. మూత మీద 0.9 అని ఉంటే అది బార్ లెక్క, అంటే 13 పౌండ్లు, అంతకు మించి కొట్టగూడదు. ఇంజను బాగా చల్లబడినాకే మూత తీయాల, ఇది చెప్పక్కర్లేదనుకుంటా. ముల్లు పడిపోతా ఉండి బయట చుక్క కూడా కారకపోతే డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే ఇంజనులో నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే.

ప్రొద్దుటూరు క్లీనర్
అట్లయితే గాలి బ్రేకుల ట్యాంకుకూ బయటినుంచి గాలి పట్టి సబ్బు కొట్టి చూడొచ్చు గదా? ఒక చక్రం బ్రేకు చాంబర్ లీకుంటే ఆ లైను మడిచి తీగతో కట్టేసి లోడు దించి రావచ్చంటారు.

ఎర్రగుంట్ల బండలబండి
తమ్ముడూ, నువ్వు ఆ మాట అంటూనే నాకు గువ్వలచెరువు ఘాట్ గుర్తొచ్చింది. ఒక చక్రానికి బ్రేకు తీసేసి బండల లోడుతో రాయచోటి నుంచి దిగుతావా?

ఆటోనగర్ పాతపానా
రెండు సంగతులు కలిపేసినావు. గాలి పట్టి సబ్బు కొట్టేది తప్పుగాదు, మేమూ చేస్తాం. కాకపోతే చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాల. గాలి లేకుంటే స్ప్రింగే పట్టి ఉంచే స్ప్రింగు బ్రేకు బండికి గాలి నిండితే, హ్యాండ్ బ్రేకు లివర్ దించి ఉంటే బ్రేకులు వదులుకుంటాయి, కింద దూరి ఉన్న మనిషి మీదకి బండి కదుల్తాది. లైను మడిచి కట్టేది మాత్రం మాట కూడా ఎత్తొద్దు. వెనక స్ప్రింగు చాంబర్ క్లాంపు ఇప్పే ఆలోచన కూడా వద్దు, లోపలుండే స్ప్రింగుకు తల పగులుతాది.

బ్రేకు లీకు ఉందా లేదా తెలుసుకోను సామాను అక్కర్లేదు. దిమ్మెలు పెట్టి, గాలి నిండా ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఇంజను ఆపి, పెడలు గట్టిగా తొక్కిపెట్టి గేజి చూడు. ముల్లు మొదట కొంచెం పడి ఆగుతాది, ఆడినుంచి లెక్కపెట్టు. అమెరికాలో లారీ లైసెన్సు టెస్టులోనే ఇది చేయిస్తారు, ట్రెయిలర్ లేని బండికి నిమిషానికి 3 పౌండ్లు మించి పడితే ఫెయిల్. మన దగ్గర ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏడాదికోసారి ఎఫ్‌సి, అంటే ఫిట్‌నెస్ పరీక్ష అంటారు గానీ, ఏడాదిలో బ్రేకు చాంబర్‌లోని రబ్బరు డయాఫ్రం ఎన్నిసార్లయినా పోవచ్చు.

తాడిపత్రి రోడ్డు
సరే, బ్రేకుల మాట ఒప్పుకుంటా. హోసులకు మాత్రం నేను పీవీసీనే వాడతా. 5 పౌండ్లు చాలు, సబ్బునీళ్లకు నురగ వస్తాది. 15 ఎందుకు?

ఆటోనగర్ పాతపానా
5కు పెద్ద చీలిక దొరుకుతాది. లోడు మీద మాత్రమే తెరుచుకునే సన్నది దొరకదు, ఈయన హోసు అట్లాంటిదే అయ్యుంటాది. 5తోనే చేస్తానంటే చేసుకో, రెగ్యులేటర్ పెట్టి, మూతకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడు.

ఎర్రగుంట్ల బండలబండి
రెగ్యులేటర్ పెట్టలేదన్నా, పంచరంగడి పిల్లోడే చేత్తో వదిల్తా ఆపుతా ఉన్న్యాడు. లేత్‌లో ఇనుపముక్క చేయిస్తా. ఉత్త గొట్టం తిప్పించాల్నా, చివర్న గట్టు పెట్టించాల్నా?

ఆటోనగర్ పాతపానా
గట్టు తప్పకుండా ఉండాల, లేకుంటే గాలికి హోసులోంచి జారి ఊడొస్తాది. టర్బో మూతి కొలత బయటివైపు తీసుకుపో, లోపలిది కాదు. రెగ్యులేటర్‌కూ ముక్కకూ మధ్య ఒక గేజి కూడా పెట్టించు.